ప్రేమ పద్దులో రాసిన హత్య

ప్రేమకథలో యాక్షన్ ఎంత ఉండాలి, యాక్షన్ కథలో ప్రేమ ఎంత ఉండాలి అనే చర్చ వింటే నాకు ఆవకాయ పాళ్లు గుర్తొస్తాయి. ఇన్ని ముక్కలకి ఇంత కారం, ఇంత ఆవపిండి. ఈ మధ్య మేళ్లచెరువు ప్రాంతపు అమ్మాయి ఒకామె తన మొదటి నవల రాతప్రతి చదవమని పంపింది. ఆ ఊళ్లోనే నడిచే సస్పెన్స్ ప్రేమ నవల. దుకాణదారు కూతురు, సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ పని చేసే దళిత యువకుడు. రాతప్రతితో పాటు ఒక పత్రిక నుంచి ఆమెకి వచ్చిన జవాబు కూడా జతచేసింది.

ఆ జవాబులో మూడు సూచనలున్నాయి. ప్రేమ ఘట్టాలు కోసేసి వేగం పెంచాలి. ప్రతినాయకుడు బలంగా లేడు కాబట్టి సిమెంటు లారీల ముఠానో, పక్క రాష్ట్రం నుంచి దిగిన రౌడీనో ప్రవేశపెట్టాలి. మూడోది, మొదట్లో పెళ్లికి ఒప్పుకోని తండ్రి చివర్లో ప్రాణాలకి తెగించి కూతుర్ని కాపాడాలి. అప్పుడు ప్రేమా యాక్షనూ సమతూకంలో పడతాయట. మొదటి రెండూ చదివి నవ్వుకున్నాను. మూడోది చదివాక నవ్వు రాలేదు. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడల మధ్య కథ పెట్టుకుని, ప్రమాదం బయటి నుంచి వస్తుందనీ రక్షణ ఇంట్లోంచి వస్తుందనీ రాయమని చెప్పేవాళ్లు అసలు దినపత్రికలు చదువుతారా?

నిజానికి తప్పు ఆ ఒక్క జవాబుది కాదు. మన పాపులర్ నవల ప్రేమనీ యాక్షన్‌నీ ముందునుంచీ వేరు వేరు అరల్లోనే పెట్టింది. బస్టాండు పక్కన అద్దె పుస్తకాల కొట్టు గుర్తున్నవాళ్లకి ఈ సంగతి తెలుసు. ఒక అరలో యద్దనపూడి సులోచనారాణి, కౌసల్యాదేవి, మాదిరెడ్డి సులోచన. ఇంకో అరలో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో. ఒక అర అక్కయ్యలది, ఇంకోటి అన్నయ్యలది. అన్నయ్యల అరలో మనం చెయ్యి పెడితే కొట్టతను ఓసారి తలెత్తి చూసేవాడు.

యద్దనపూడి నవలల్ని కలల బేరం అని కొట్టిపారేయడం మన స్త్రీవాద విమర్శలో చాలాకాలం అలవాటుగా సాగింది. నాకు ఆ తొందర ఎప్పుడూ నచ్చలేదు. ఆమె నవలల్లో సస్పెన్స్ లేదని ఎవరనగలరు? 'సెక్రటరీ'లో జయంతి చేసేదంతా అపరాధ పరిశోధనే కదా. రాజశేఖరం చూపుకి అర్థమేమిటి, మౌనానికి అర్థమేమిటి, అతను ప్రేమిస్తున్నాడా, ఆడుకుంటున్నాడా? ఆధారాలు పోగుచేయడం, అనుమానించడం, అపార్థం చేసుకోవడం, చివరికి అసలు విషయం బయటపడటం, ఇదంతా డిటెక్టివ్ నవల నడకే. యుగంధర్ హంతకుణ్ని వెతుకుతాడు, జయంతి ఒక మగవాడి మనసుని వెతుకుతుంది. ఈ రెండు వెతుకులాటలూ ఒకే ఆడమనిషి చెయ్యొచ్చు, రెండూ వెళ్లి ఒకే ఇంటి గుమ్మం ముందు ఆగొచ్చు. ఆ సంగతిని మాత్రం ఏ అరా ఒప్పుకోలేదు.

పాశ్చాత్య సాహిత్యంలో ఈ గుమ్మం సంగతి కొంత ముందే బయటపడింది. 1973లో జొయానా రస్ ఆడవాళ్ల కోసం అచ్చవుతున్న గోథిక్ నవలల మీద ఒక వ్యాసం రాసింది. నన్నెవరో చంపాలని చూస్తున్నారు, అది నా మొగుడే అనుకుంటా అని దాని పేరు. 'జేన్ ఎయిర్' (1847), 'రెబెకా' (1938) వంశానికి చెందిన కథలవి. పెద్ద ఇల్లు, కొత్తగా అడుగుపెట్టిన ఆడపిల్ల, పెదవి విప్పని మగవాడు. ఇల్లు భద్రం కాదన్న అనుభవం ఆడవాళ్లందరికీ ఉంది కనకే ఆ నవలలు అంతగా అమ్ముడుపోయాయి. కానీ ఆ తరహా మామూలు నవల చివరికి ఏం చెబుతుంది? అతని కటువుతనం వెనక ఉన్నది ప్రేమేననీ, నువ్వే పొరబడ్డావనీ. 1984లో జానిస్ రాడ్వే, రొమాన్సు పాఠకురాళ్లతో మాట్లాడి రాసిన పుస్తకంలో ఈ చదివే పద్ధతినే పట్టుకుంది. మగవాడి మొరటుతనాన్ని దాగిన మృదుత్వంగా అనువదించుకోవడం ఆ నవలలు పాఠకురాలికి నేర్పుతాయి.

ఈ అనువాదపు అలవాటు మన దగ్గర మొగుడితో ఆగదు. మన చిన్న పట్టణాల్లో దానికి అసలు లబ్ధిదారుడు తండ్రి. సెల్‌ఫోన్ లాక్కుంటే ప్రేమ. కాలేజీ మానిపిస్తే ప్రేమ. చెంప పగలగొడితే మరీ ప్రేమ, కొట్టి ఆయనే ఏడ్చాడు పాపం అంటారు. అత్తగారిల్లు భయంకరమైన చోటు కావచ్చని మన కథాసాహిత్యం ఒప్పుకుని చాలా దశాబ్దాలైంది. తల్లిగారింటి మీద మాత్రం అనుమానపు నీడ పడనివ్వం. కష్టమొస్తే పారిపోయి చేరుకునే చోటు కదా అది. ఆ చోటి నుంచే పారిపోవాల్సిన ఆడపిల్ల మన సస్పెన్స్ నవలకి ఇంకా కొత్తే.

మిర్యాలగూడ దగ్గరికి వస్తాను. 2018 సెప్టెంబరు 14 మధ్యాహ్నం ప్రణయ్‌ని నరికి చంపారు. దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు. వైశ్య కుటుంబానికి చెందిన అమృతని ఆ ఏడాది జనవరిలో పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఐదు నెలల గర్భిణి, వైద్య పరీక్షకి తీసుకెళ్లి ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్నారు. ఆమె చూస్తుండగా వెనక నుంచి ఒకడు వచ్చి నరికాడు. సీసీ కెమెరాలో అదంతా నమోదైంది, దేశమంతా చూసింది. కోటి రూపాయలకి బేరం కుదిరిందని పోలీసులు చెప్పారు. మొదటి నిందితుడు అమృత తండ్రి మారుతీరావు. విచారణ పూర్తి కాకుండానే 2020 మార్చిలో హైదరాబాదులో చనిపోయాడు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు, నరికినవాడికి ఉరిశిక్ష, మరో ఆరుగురికి యావజ్జీవం విధించింది.

ఈ కథని ఎవరు ఏ జాన్రాలో చెప్పుకున్నారో చూడండి. కొద్దిరోజులు గడిచేసరికే ఊళ్లో, టీవీ చర్చల్లో, ఫోన్లలో ఇది ఒక ప్రేమకథ అయిపోయింది. అయితే ప్రణయ్, అమృతల ప్రేమకథ కాదు, తండ్రి ప్రేమకథ. గారాబంగా పెంచుకున్నాడు, తట్టుకోలేకపోయాడు, పిచ్చి ప్రేమ. నిందితుడికి మద్దతుగా ఊరేగింపు తీసినవాళ్లున్నారు. కళ్లముందు భర్తని పోగొట్టుకున్న గర్భిణిని సోషల్ మీడియాలో నోటికొచ్చిన తిట్లు తిట్టినవాళ్లకి లెక్కేలేదు. 2020లో రాంగోపాల్ వర్మ ఈ ఉదంతం మీద 'మర్డర్' సినిమాని ప్రకటించడానికి ఎంచుకున్న రోజు ఫాదర్స్ డే. బాధిత కుటుంబం కోర్టుకెళ్లినా ఆ డిసెంబరులో సినిమా విడుదలైంది.

రాడ్వే చెప్పిన అనువాదం ఇదే. మగవాడి హింసని ప్రేమ భాషలోకి మార్చి చదువుకోవడం. నవలలు చదివే ఆడవాళ్లది బలహీనత అని వెక్కిరించే పెద్దమనుషులే, జీవితంలో ఎన్నడూ ఒక్క రొమాన్సు నవల ముట్టనివాళ్లే, ఈ హత్యని అచ్చంగా రొమాన్సు నవలలా చదివారు. వ్యాపారం చేసే ఇళ్లలో ఖాతా పుస్తకం ఎలా రాస్తారో తెలుసు కదా, ఏ ఖర్చుకి ఆ పద్దు ఉంటుంది. ఇక్కడ హత్య ఖర్చుని తీసుకెళ్లి ప్రేమ పద్దులో రాశారు. ప్రేమనీ యాక్షన్‌నీ సమతూకం చేయడమంటే మన సమాజానికి తెలిసిన పద్ధతి ఇదీ. ఆ పత్రిక జవాబులోని మూడో సూచన ఈ పద్దు పుస్తకంలోంచి ఊడిపడ్డ కాగితమే.

రెండో సూచన సంగతి కూడా చెప్పాలి, బయటి రౌడీ. మిర్యాలగూడలో కత్తి పట్టుకున్నవాడు నిజంగానే బయటివాడు, బీహారు నుంచి వచ్చినవాడు. యాక్షన్ నవల అయితే అక్కడ ఆగి ఊపిరి పీల్చుకుంటుంది. హంతకుడు దొరికాడు, మనవాడు కాదు. ఉరిశిక్ష కూడా చివరికి అతనికే పడింది. కానీ అతను ఎవరి డబ్బుతో, ఎవరి ఆచూకీ సమాచారంతో, ఎవరి పరువు కోసం ఆ గుమ్మం దాకా వచ్చాడన్నదే కదా కథ. బయటి విలన్‌ని పెట్టుకోవడం వల్ల వచ్చే సౌకర్యమే అది, లోపలివాళ్లు చేతులు కడుక్కోవచ్చు. సిమెంటు ఫ్యాక్టరీలున్న ఊరి కథలో ఆ విలన్ పొట్ట చేతపట్టుకుని వచ్చిన ఉత్తరాది కూలీ అవడానికి ఎంతోసేపు పట్టదు.

అయితే మేళ్లచెరువులో యాక్షన్ ఎక్కడుంది? రాతప్రతిలో ఆ అమ్మాయి దాన్ని సరిగ్గానే పట్టుకుంది. ఆమె కథానాయిక మొట్టమొదట చేసే సాహసం పదో తరగతి మెమో తస్కరించడం. వయసు రుజువు లేకపోతే మైనరని కేసు పెడతారు, అబ్బాయి మీద కిడ్నాపు కేసు పెడతారు. ఆ మెమో నాన్న బీరువాలో, ఇనప్పెట్టె తాళాలతో పాటు ఉంటుంది. ఆమె తాళం తీసే ఆరు పేజీలూ నేను ఊపిరి బిగబట్టి చదివాను. షాడో ఏ శత్రుస్థావరంలో దూరినా నాకంత భయం వెయ్యలేదు.

ఆ తర్వాత చట్టం వస్తుంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద కులాంతరం, మతాంతరం చేసుకోదలిచినవాళ్లు ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసుని కార్యాలయంలో అందరికీ కనబడేలా అంటిస్తారు. అభ్యంతరాలకి ముప్పై రోజుల గడువు. రాజ్యమే ఒక ప్రేమ జంట పేర్లు రాసి గోడకి అంటించి, పట్టుకోగలిగినవాళ్లు పట్టుకోండి అని నెల రోజులు టైమిచ్చినట్టు. ఇంతకంటే మంచి గడియారాన్ని ఏ సస్పెన్స్ రచయిత కనిపెట్టగలడు? చిన్న పట్టణంలో ఆ కాగితం చదవడానికి శత్రువులే అక్కర్లేదు. స్టాంపు వెండరు చాలు, దస్తావేజులు రాసే ఆయన చాలు, నాన్న దగ్గర అప్పుకి సరుకు తీసుకెళ్లే ఎవరైనా చాలు. పట్టణపు థ్రిల్లర్‌లో ఎవరికీ ఎవరూ తెలియకపోవడం భయం. ఇక్కడ అందరికీ అందరూ తెలిసి ఉండటం భయం. "ఏం బిడ్డా, ఇటొచ్చినవేంది?" అన్న పలకరింపు చాలు గుండె ఆగిపోవడానికి.

శివరాత్రి జాతర ఘట్టం కోసేయమన్నారట. శంభులింగేశ్వరుడి గుడి ముందు ఇసకేస్తే రాలనంత జనం, ఎడ్ల పందేల దగ్గర మగవాళ్లంతా గుమిగూడిన వేళ. ఏడాది మొత్తంలో ఒక ఆడపిల్ల రాత్రిపూట బయట ఉన్నా ఎవరూ నిలదీయని రోజు అదొక్కటే. ఆ రాత్రే వాళ్లిద్దరూ మొదటిసారి తీరిగ్గా మాట్లాడుకుంటారు, ఆ రాత్రే ఆమె బయలుదేరే దారి కూడా ఖాయమవుతుంది. దీంట్లో ప్రేమ ఎక్కడ తగ్గించాలి, వేగం ఎక్కడ పెంచాలి? కోదాడ దాటితే రాష్ట్ర సరిహద్దు. 2014 తర్వాత జగ్గయ్యపేట పోలీసు స్టేషను వేరే రాష్ట్రానిది. ఇంటివాళ్లకి తెలిసిన ఎస్సై మాట అక్కడ అంత తేలిగ్గా చెల్లకపోవచ్చు. జాతీయ రహదారి మీద బస్సులో కూచుని ఆ లెక్క వేసుకుంటున్న అమ్మాయి చేసేది యాక్షన్ కాదా? కారు గాల్లో పల్టీ కొడితేనే యాక్షనా?

రక్షణ కల్పించే వ్యవస్థ ఉందిగా అనొచ్చు. 2018 మార్చి 27న సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో తీర్పు ఇచ్చింది. ఇద్దరు వయోజనులు ఇష్టపడి చేసుకునే పెళ్లిలో కుటుంబానికీ కులపెద్దలకీ జోక్యం చేసుకునే హక్కు లేదంది. జంటలకి రక్షణ గృహాలు, జిల్లా స్థాయిలో ప్రత్యేక విభాగాలు, ఫోన్ సాయం ఉండాలంది. ఆరు నెలలు తిరక్కుండానే ప్రణయ్‌ని చంపారు. 2025 జనవరిలో సూర్యాపేటలో వడ్లకొండ కృష్ణ అనే దళిత యువకుణ్ని చంపారు. భార్య తరఫు కుటుంబసభ్యుల్ని పోలీసులు అరెస్టు చేశారు. మిర్యాలగూడ కేసులో తీర్పు రావడానికి అప్పటికి ఆరువారాలే ఉంది.

2017లో భువనగిరి ప్రాంతపు నరేశ్, స్వాతి ముంబయిలో పెళ్లి చేసుకున్నారు. పెద్దలే దగ్గరుండి పెళ్లి చేస్తామన్న మాట నమ్మి తిరిగొచ్చారు. నరేశ్ కనపడకుండా పోయాడు, కొద్దిరోజులకి స్వాతి చనిపోయింది. నరేశ్‌ని చంపి కాల్చేశారని పోలీసులు ఆ నెలాఖరుకి గానీ చెప్పలేదు. ఇంటికి రండి, పెళ్లి మేమే చేస్తాం. ఇంత భయంకరమైన వాక్యం ఏ క్షుద్ర నవలలోనైనా ఉందేమో చెప్పండి. ఆ రాతప్రతిలో సరిగ్గా ఆ మాటే ఫోన్లో వస్తుంది, తండ్రి గొంతు వణుకుతుంది. ఆ వణుకు ప్రేమో పన్నాగమో ఆమె తేల్చుకోవాలి. జయంతి చేసిన పనే ఇది, రాజశేఖరం చూపులో అర్థం వెతకడం. పొరబడితే ఇక్కడ పోయేది ప్రాణం. తండ్రి చివర్లో మారి కాపాడతాడని రాయించడమంటే ఆ ఫోను నమ్మమని పాఠకురాలికి చెప్పడమే.

ఇక నా స్త్రీవాద మిత్రులతో ఒక పేచీ ఉంది. ఇలాంటి నవలలో ప్రేమ ఘట్టాలు ఎందుకు, సమస్య తీవ్రత పలచనైపోదా అని నాతో ఒకరిద్దరు అన్నారు. వేగం కోసం ప్రేమ కోసేయమన్న సంపాదకుడికీ, గాంభీర్యం కోసం కోసేయమన్న వీళ్లకీ తేడా నాకు కనపడదు. ఇద్దరికీ ఆడపిల్ల సంతోషం అదనపు ఖర్చే. ప్రణయ్, అమృత తమ పెళ్లి వేడుకకి వీడియో తీయించుకున్నారు, ఫేస్‌బుక్‌లో పెట్టారు. ఇద్దరూ నవ్వుతూ, నాలుగు పాటలున్న సినిమాలోలాగ. హత్య తర్వాత ఎంతమంది అన్నారో, ఆ వీడియో పెట్టకుండా ఉండాల్సిందని, రెచ్చగొట్టారని. అంటే చాటుగా బతికితే బతకనిచ్చేవాళ్లన్నమాట. ఆ నవ్వే అన్నిటికంటే పెద్ద సాహసమని శత్రువుకి అర్థమైంది, మనకి అర్థం కాలేదు. ఆ నవ్వుని రాయకుండా నరికిన క్షణాన్నే రాస్తే మనం రాసేది పోలీసు పంచనామా అవుతుంది. వాళ్లు ఏం తిన్నారు, దేనికి పోట్లాడుకున్నారు, ఒకరి ముద్దుపేరు ఒకరు ఎలా పిలిచారు, ఇవన్నీ కావాలి. యద్దనపూడి దగ్గర ఈ విద్య నేర్చుకోవడానికి నాకేమీ చిన్నతనం లేదు.

పేచీ అక్కడితో తీరదు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒకచోట చేర్చింది. అది చదివినవాళ్లెవరైనా ఈ రకం నవలని ఒక ప్రశ్న అడగక మానరు. పై కులం అమ్మాయి మేల్కొనడానికి దళిత యువకుడు ఎన్ని నవలల్లో చావాలి? మొదటి అధ్యాయంలో శవమై, మిగతా ముప్పై అధ్యాయాలూ ఆమె ధైర్యానికి ముడిసరుకై, ఫొటోలో దండ వేసుకుని కూచోవాలా? మిర్యాలగూడలో ఆ రోజు ఆసుపత్రి నుంచి బయటికి నడుస్తున్నది ఇద్దరు కాదు, ముగ్గురు. ప్రణయ్ తల్లి కూడా పక్కనే ఉంది. టీవీ తెర మీద ఒక తండ్రి బాధ గురించి అన్ని గంటలు మాట్లాడిన రాష్ట్రం ఈ తల్లి గురించి ఎన్ని నిమిషాలు మాట్లాడింది? కోడల్ని ఇంట్లోకి తెచ్చుకోవడం కూడా ఆ కుటుంబానికి ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. అది తెలిసీ తలుపు తీసింది ఆ ఇల్లు. దళిత వాడలో ఆ తలుపు తీసే రాత్రి, అత్తా మామా గుసగుసగా మాట్లాడుకునే రాత్రి, మన రొమాంటిక్ సస్పెన్స్‌లో ఎక్కడా లేదు. మేళ్లచెరువు రాతప్రతిలో కూడా అబ్బాయి తల్లి రెండే రెండు వాక్యాలు మాట్లాడుతుంది. ఆ అమ్మాయికి నేను రాసిన ఒకే ఒక ఫిర్యాదు అది. నవలలో ఏదైనా పెంచాలంటే ఆమెని పెంచమన్నాను.

పెళ్లితోనో విలన్ అరెస్టుతోనో నవల ఆపేయడం కూడా ఆ పాళ్ల లెక్కలో భాగమే. 2018 సెప్టెంబరు 14 నుంచి 2025 మార్చి 10 దాకా దాదాపు ఆరున్నరేళ్లు. ఈ మధ్య ఒక బిడ్డ పుట్టింది, తండ్రి మీద సాక్ష్యం ఉంది, ఆ తండ్రి చావు ఉంది, ఊరి చూపు ఉంది, తిట్ల సందేశాలు వస్తూనే ఉన్న ఫోను ఉంది. ఇలాంటి ఆరున్నరేళ్లని ఒక నవలకి అప్పగించి చూడండి. తెల్లవారుజామున బిడ్డకి పాలుపట్టి, చంపినవాళ్ల ఎదుట నిలబడి చెప్పాల్సిన మాటలు మనసులో వల్లెవేసుకుంటూ వాయిదాకి బయలుదేరే కథానాయికని ఊహించండి. అందులో ఏది ప్రేమ ఘట్టమో, ఏది యాక్షన్ ఘట్టమో గీత గీసి చూపించమనండి ఆ సంపాదకుణ్ని.